పునాది కాంక్రీటు
(పఠనమందిర సభలో చేసిన ప్రసంగపాఠము)

పునాది భూమిలో పూడినపిమ్మట దాని మంచిచెడ్డలు చూచువారుండరు. లోపమున్నచో పైకట్టడము బీటవారిననాడు గాని బయటపడదు. నేడు మేము విన్నవింపదలచినది మరుగుననున్న ఆ పనినిగూర్చియే.

సామాన్యమైన కాంక్రీటును పోసినతోడనే వైబ్రేటరుతో దట్టింపవలయును. లేనిచో లోన గాలిచిక్కి, కడ్డీలక్రింద గుల్లలు మిగులును. వానిలో నీరుచేరి ఇనుము త్రుప్పుపట్టును. పెద్ద పునాదులలో కడ్డీలు దట్టముగా నుండుటచే వైబ్రేటరు చొరని మూలలనేకములు. పగలెల్ల శ్రమించిన కూలి అర్ధరాత్రమున నెంత శ్రద్ధగా దట్టించెనో యెవరెరుగుదురు?

జపానునకు నీ చిక్కే కలిగినది. నేర్పరులైన పనివారు తగ్గిపోవుటచే కట్టడముల మన్నిక చెడుచుండగా, టోకియో విశ్వవిద్యాలయాచార్యుడు హజిమె ఒకమురా 1986లో, ఎవరును దట్టింపకయే తన బరువుచేత మూలమూలలకు పారి నిండు కాంక్రీటు కావలెనని ప్రతిపాదించెను. 1988లో తొలి నమూనా సిద్ధమయ్యెను. 1998లో తెరవబడిన అకాషి కైక్యో వంతెనకు స్తంభముల నడిమి దూరము 1,991 మీటర్లు. దాని యుక్కుమోకుల కొనలను పట్టియుంచు మహత్తరమైన దిమ్మెలకు నీ కాంక్రీటునే వాడిరి. ప్రక్కనే కలిపి, 200 మీటర్లు గొట్టములద్వారా నడిపి, 5 మీటర్లకొకటిగా నమర్చిన కవాటములనుండి విడిచిరి. రెండున్నరయేండ్ల పని రెండేండ్లలో ముగిసెను.

ఇందు మంత్రమేమియు లేదు. కంకరపాలు తగ్గించి, మెత్తనిపొడి హెచ్చించి, నీటిని కట్టడిచేసి, సూపర్‌ప్లాస్టిసైజరు అను రసాయనమును కలుపుదురు. మన మేస్త్రీయు కాంక్రీటును పారించును; కాని బొక్కెనతో నీరు కుమ్మరించి! అప్పుడు కంకర యడుగంటి, నీరు పైకితేలి, గట్టిదనము నశించును. పారుటలో రెండును కంటి కొక్కటే. భేదము తెలియుటకు పరీక్ష గలదు: కాంక్రీటు నింపిన ఇనుపశంకువును పైకెత్తగా నది పలకపై 550 మొదలు 850 మిల్లీమీటర్ల వెడల్పున పరచుకొనవలయును, అంచున నీరూరరాదు, నడుమ కంకర గుట్టపడరాదు.

పెద్ద దిమ్మెకు వేడియొక శత్రువు. సిమెంటు గట్టిపడునపుడు పుట్టిన వేడి నడుమ నిలిచిపోయి, చల్లబడు పైభాగమును బీటవార్చును. కావున సిమెంటులో కొంతభాగమునకు మారుగా బొగ్గుబూడిద వాడుట మేలు. రామగుండము, విజయవాడ విద్యుత్కేంద్రములయొద్ద నా బూడిదకు కొదువలేదు. సెంట్రింగు మాత్రము మిక్కిలి బలముగా నుండవలెను. ద్రవమువలె పలకలను త్రోయును గదా.

కూలీల జీవనమేమగునని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. జపానులో ఒసాకా గ్యాసువారి తొట్టిపనిలో కాంక్రీటు పనివారు 150 మందినుండి 50 మందికి తగ్గిరి. అక్కడ మనుష్యులు కరవు. ఇక్కడ పని కరవు. ఐనను యేండ్లతరబడి వైబ్రేటరు పట్టి చేతులు తిమ్మిరెక్కు బ్రదుకును కాపాడవలెనని మేమనజాలము. ఆ కూలీలకే పరీక్షలును, సెంట్రింగును నేర్పి కూలి హెచ్చింపవలయును. ఈ ఖర్చును టెండరులోనే చేర్చవలెను.

మన ప్రమాణగ్రంథమగు ఐ.ఎస్. 10262 నందు 2019లో ఈ కాంక్రీటునకును స్థానమిచ్చిరి. గ్రంథమున నున్నంతమాత్రాన పునాదిలో నుండదు. మీ పట్టణమున వంతెనకో, నీటిట్యాంకుకో దీనిని పోయునాడు, ప్రతి బండియొద్ద శంకుపరీక్ష జరిగెనా, కొలత వ్రాసిరా, చాలని బండిని త్రిప్పిపంపిరా యని మీ మునిసిపల్ సభ్యులను అడుగుడు. ఆ పుస్తకమును చూపుమనుడు.