సంతకం కంటే ముందు ఇంగ్లీషు

(ఎర్రగడ్డలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లీషు త్వరగా నేర్చుకోవడం ఎలాగో చెప్పమని నన్ను పిలిచారు. నేను ఇంగ్లీషు టీచర్ని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. పదో తరగతి దాకా తెలుగు మీడియం. పరిశోధన చేసే రోజుల్లో సెమినార్లలో ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోయేది. కాబట్టి నేర్చుకున్న వైపు నుంచే మాట్లాడతాను.

ముందు ఒక కాగితం సంగతి. కొన్నేళ్ళ క్రితం ఒక యువతి మా దగ్గరికి వచ్చింది. భర్త కొట్టి ఇంట్లోంచి గెంటేశాడు. పెద్దమనుషులు రాయించిన ఒప్పందం మీద అప్పటికే సంతకం పెట్టేసింది. అది ఇంగ్లీషులో ఉంది. ఆమె ‘వాలంటరీ’గా, అంటే తనంతట తానే, ఇల్లు విడిచి వెళ్ళిందని అందులో రాశారు. తగిన కారణం లేకుండా భర్తతో ఉండనన్న భార్యకు మనోవర్తి రాదని చట్టం అంటుంది. పాత నేర విచారణ స్మృతిలో అది 125వ సెక్షన్. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్. ఆ ఒక్క మాట అవతలి వకీలుకు ఆయుధమైంది.

ఇంగ్లీషు రాకపోవడం మన తప్పు కాదు. అన్నని కాన్వెంటుకీ చెల్లెల్ని సర్కారు బడికీ పంపిన ఇళ్ళు మనకు తెలియనివా? ఎవరికి ఏ భాష అందాలో కులం, డబ్బు, ఆడా మగా అన్న తేడా ముందే నిర్ణయించాయి. సిగ్గుపడాల్సింది మనం కాదు. అయితే కాగితం మాత్రం మన కోసం ఆగదు. అందుకే నాకు పనికొచ్చిన నాలుగు పద్ధతులు చెబుతాను.

మొదటిది, ఎ బి సి డి ల పుస్తకంతో కాక మన పనిలోని కాగితంతో మొదలుపెట్టండి. కంప్లయింట్, పిటిషన్, వారంట్, నోటీసు మనం రోజూ పలికే మాటలే. వాటి స్పెల్లింగును కంటితో గుర్తుపట్టడమే మిగిలింది. ఇక్కడి ఛాతీ ఆసుపత్రి బోర్డులు, మెట్రో స్టేషను బోర్డులు కూడా పాఠాలే. 2005 గృహహింస చట్టం కింద నింపే నివేదికలో రెస్పాండెంట్, షేర్డ్ హౌస్‌హోల్డ్ లాంటి మాటలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. అలాంటివి రోజుకి అయిదు, మాట ఒక్కటే కాకుండా వాక్యంతో సహా నోటుబుక్కులో రాసుకోండి.

రెండోది, క్రియని పట్టుకోండి. ‘మొగుడు నన్ను కొట్టాడు’ అన్నప్పుడు తెలుగులో క్రియ చివర వస్తుంది. ఇంగ్లీషులో కర్త వెనకాలే వస్తుంది: ‘హి బీట్ మి’. ప్రతి వాక్యంలో ఎవరు, ఏం చేశారు అన్న రెండింటి కింద గీత గీయండి. ‘షి వాజ్ బీటెన్’ అని రాస్తే కొట్టినవాడు మాయమవుతాడు. ‘షి సస్టెయిన్డ్ ఇంజురీస్’ అంటే గాయాలు వాటంతట అవే తగిలినట్టుంటుంది. అక్కడ ‘బై హూమ్’, ఎవరిచేత, అని అడగాలి. ఈ వ్యాకరణం మన రాజకీయం కూడా.

మూడోది, తెలిసిన విషయాన్నే ఇంగ్లీషులో చదవండి. రాజ్యాంగ పీఠిక, గృహహింస చట్టం రెండు భాషల్లో పక్కపక్కన పెట్టుకోండి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ 1989లో ‘వి వర్ మేకింగ్ హిస్టరీ’గా ఇంగ్లీషులో వచ్చింది. తెలంగాణ పోరాటంలోని మన ఆడవాళ్ళ మాటలు అవి. కథ ముందే తెలిస్తే ప్రతి మాటకీ నిఘంటువు వెతకక్కర్లేదు. రోజుకి ఒక పేరా చాలు.

నాలుగోది, నోరు తిప్పాలి. ఇద్దరిద్దరు కూర్చుని రోజూ పావుగంట మాట్లాడండి. నవ్వకూడదన్నది ఒకటే నియమం. ఒకసారికి ఒక తప్పే దిద్దండి. ఫోనులో రికార్డు చేసి వినండి. కొన్ని వాక్యాలు మొత్తంగా కంఠతా పట్టండి: ‘ప్లీజ్ రీడ్ ఇట్ టు మి ఇన్ తెలుగు.’ ‘ఐ వాంట్ ఎ కాపీ.’ స్టేషనులో నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక చదివి వినిపించాలనీ, ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలనీ 173వ సెక్షన్ చెబుతుంది.

ముప్పై రోజుల్లో ఇంగ్లీషు వస్తుందన్న ప్రకటనలు నమ్మకండి. ఇంటికెళ్తే వంటా, పిల్లలూ, నీళ్ళూ. అందుకే సంస్థలు పనివేళల్లోనే రోజుకి అరగంట ఇవ్వాలి. ఇది మనం అడగాల్సిన హక్కు.

ఇంకొక్క మాట. ఇంగ్లీషు నేర్చుకోవడమంటే తెలుగుని వదులుకోవడం కాదు. సమాచార హక్కు దరఖాస్తు తెలుగులో ఇవ్వొచ్చని 2005 చట్టం 6వ సెక్షన్‌లో ఉంది. 348వ అధికరణం ప్రకారం హైకోర్టు నడిచేది ఇంగ్లీషులో. కాబట్టి తెలుగు కాగితం కోసం కొట్లాడుతూనే ఇంగ్లీషు కాగితం చదవాలి.

వచ్చే సమావేశానికి తలా ఒక కాగితం తీసుకురండి. అందరం కలిసి చదువుదాం. అర్థమయ్యేదాకా ఎవరం సంతకం పెట్టం.