కువైట్ ఎంత దూరం?



మన నెల్లూరు జిల్లా నుంచి, పక్కన కడప జిల్లా నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ పోతున్నారు. "కువైట్ ఎంత దూరం?" అని అడిగితే ఏజెంటు ఏం చెబుతాడు? "ఎంతమ్మా! పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతావు" అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. కానీ అది సగం నిజమే. మిగతా సగం మనమే చదివి తెలుసుకోవాలి.

ముందు దూరం చూద్దాం. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. బస్సులో నాలుగు గంటలు పడుతుంది. చెన్నై నుంచి కువైట్‌కు సుమారు 3,800 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. దారిలో ఇంకో ఊళ్ళో విమానం మారాలంటే ఇంకా ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు టికెట్ చూడండి. చెన్నైలో బయలుదేరేది 10:00. కువైట్ చేరేది 12:30. అంటే రెండున్నర గంటలేనా? కాదు. టికెట్ మీద రెండు గడియారాలు ఉన్నాయి. బయలుదేరే టైము మనది. చేరే టైము వాళ్ళది.

కువైట్ మనకు పడమర దిక్కున ఉంది. మైపాడు దగ్గర సముద్రంలో పొద్దు పొడిచేటప్పటికి అక్కడ ఇంకా చీకటే. అందుకే వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. కువైట్‌లో 12:30 అయితే మన ఇంట్లో మధ్యాహ్నం మూడు. పది నుంచి మూడు దాకా ఎన్ని గంటలు? ఐదు. లెక్క సరిపోయింది.

ఈ లెక్క ఫోనుకూ పనికొస్తుంది. అక్కడ రాత్రి తొమ్మిదికి పని ముగించి ఫోను చేస్తే ఇక్కడ పదకొండున్నర. పిల్లలు నిద్రపోయి ఉంటారు.

టికెట్‌లో ఇంకొకటి చూడాలి. 22:00 అంటే రాత్రి పది. 15వ తేదీ 01:30 అని ఉంటే 14వ తేదీ రాత్రికే విమానాశ్రయం చేరాలి. మూడు గంటలు ముందు ఉండాలి. 15వ తేదీ రాత్రి పోతే విమానం ఉండదు, కట్టిన డబ్బూ పోతుంది.

ఇక ఏజెంటు చెప్పని మాట. పోవడానికి ఐదు గంటలు. మరి తిరిగి రావడానికి? విమానానికి మళ్ళీ అంతే. కానీ పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటే, ఇంట్లో చావైనా పెళ్ళైనా, ఆ ఐదు గంటల దారి ఏళ్ళు పడుతుంది. కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్ళ కోసం చట్టం వచ్చింది. పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టును యజమాని ఉంచుకోకూడదు. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి. ఈ సంగతి తెలిసి పోవాలి.

పదో తరగతి పాసు కాని వాళ్ళు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి ఉండాలి. విజిటింగ్ వీసా ఇచ్చి "అక్కడికి పోయాక మారుస్తాం" అంటే నమ్మొద్దు. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, టికెట్ నాలుగూ జిరాక్సు తీసి ఒక జత ఇంట్లో పెట్టి పోవాలి.

పోవాలో వద్దో ఎవరి ఇంటి కష్టం వాళ్ళకు తెలుసు. పోయే మనిషి మాత్రం తన కాగితం తాను చదువుకుని పోవాలి. వేలిముద్ర వేసి కాదు.

లెక్క చెప్పండి:
1. చెన్నైలో 20:00కు బయలుదేరి కువైట్‌లో 22:30కు దిగితే ప్రయాణం ఎన్ని గంటలు?
2. అప్పుడు మన ఊళ్ళో టైము ఎంత? తేదీ మారుతుందా?