తల్లుల మౌనము: వ్యాయామము నేర్పేవారికి మనవి
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మన స్త్రీలకు వ్యాయామము నేర్పేవారికి నాలుగు మాటలు మనవి చేస్తాను. మగవాడికెందుకీ మాటని అనుకోవద్దు. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రము జారుతుంటే, కాన్పులయ్యాక ఇది మామూలేనని ఎందరో తల్లులు ఊరుకుంటారు. పెళ్ళిళ్ళకు, ప్రయాణాలకు వెళ్ళడమే మానుకుంటారు. కాని ఇది చాలామందిలో నయమయ్యేదే.

కటి అడుగున ముందరి ఎముక నుండి వెన్ను చివర వరకు కండరాలు ఉయ్యాలవలె పరచుకొని ఉన్నవి. మూత్రాశయమునకు, గర్భాశయమునకు అవే ఆధారము. పొట్ట లోపలి కండరాలు, వెన్నునంటిన కండరాలు, శ్వాస ఆడించే పొర వాటితో కలిసి పనిచేస్తాయి. ఊపిరి బిగబట్టి బరువెత్తితే ఒత్తిడి ఆ అడుగుమీద పడుతుంది. కనుక ఊపిరి విడుస్తూ ఎత్తమని నేర్పండి.

అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ఈ కండరాల వ్యాయామమును గూర్చి 1948లో ప్రకటించారు. మూత్రమును, వాయువును ఆపుకొన్నట్లు లోనికి బిగించి, పిమ్మట పూర్తిగా సడలించాలి. విడతకు 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసము 3 నెలలు చేయాలి. మూత్రవిసర్జన చేస్తూ మాత్రము అలవాటుగా చేయరాదు. కొందరికి ఆ కండరాలు ముందే బిగుసుకొని ఉంటాయి. వారికి సడలింపే ముఖ్యము. నొప్పి ఉన్నా, లోపలి నుండి ఏదో జారినట్లున్నా వైద్యుల వద్దకు పంపండి.

తరగతిలో చేర్చుకొనేనాడే ప్రతి తల్లినీ చాటుగా, మర్యాదగా అడగండి. అడిగేవారుంటేనే ఆమె నోరు విప్పుతుంది.