ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?

(పాతబస్తీలో స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి మీద స్త్రీలకున్న హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను వకీలును కాను, సమాజశాస్త్ర పరిశోధకురాలిని. శాలిబండ, మొఘల్‌పురా, యాకుత్‌పురా, లాల్‌దర్వాజా గల్లీల్లో స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు వాళ్లు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలనే ఒక్కొక్కటిగా మీ ముందు పెడతాను.

దానికి ముందు ఒక మాట. ఇంట్లో ఉండే హక్కు ఒకటి, ఆ ఇంట్లో వాటా ఇంకొకటి, ఆ ఇంటికి యజమానురాలు కావడం మరొకటి. ఈ మూడింటినీ మనం కలిపేసి మాట్లాడుతుంటాం. 'ఇది మా ఇల్లు' అనే స్త్రీకి ఈ మూడింటిలో తనకు ఏది ఉందో చాలాసార్లు తెలియదు. తలాక్ అయినప్పుడో, భర్త పోయినప్పుడో, రోడ్డు వెడల్పులో ఇల్లు పోయినప్పుడో తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది.

మొదటి ప్రశ్న: 'మా దగ్గర స్టాంపు కాగితం ఉంది కదా, ఇల్లు మాది కాదా?'

పాతబస్తీలో ఎన్నో చిన్న ఇళ్లు నోటరీ కాగితాల మీదే చేతులు మారాయి. అరవై గజాలు, ఎనభై గజాలు కొనుక్కునేవాళ్లకు రిజిస్ట్రేషన్ ఖర్చు భారమే. కానీ ఆ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారన్నది మాత్రమే నోటరీ ధ్రువీకరిస్తాడు. ఇల్లు మీదని చెప్పే అధికారం అతనికి లేదు. వంద రూపాయలకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాలని 1882 ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నాయి. అమ్మకపు ఒప్పందం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, వీలునామా మూడూ కలిపి రాయించుకున్నా యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రశీదు మీరు అక్కడ ఉంటున్నారని చూపడానికి పనికొస్తాయి. యాజమాన్యం ఇవ్వవు.

నోటరీ కాగితాలను క్రమబద్ధం చేసుకోమని 2023 జులైలో తెలంగాణ ప్రభుత్వం 84వ నంబరు జీవో ఇచ్చింది. 125 గజాల లోపు వారికి స్టాంపు డ్యూటీ ఉండదంది. కానీ అది గడువు పెట్టి ఇచ్చిన అవకాశం. ఇలాంటి అవకాశం వచ్చినప్పుడు దరఖాస్తు ఎవరి పేరున పెడుతున్నారన్నదే మనకు ముఖ్యం. కాగితం మగవాడి పేరు మీద ఉంటే, క్రమబద్ధమయ్యేది కూడా అతని పేరు మీదే.

రెండో ప్రశ్న: 'డబ్బు నాది, పేరు వాళ్లది. నాకేమైనా హక్కు ఉందా?'

భర్త గల్ఫ్ నుంచి పంపింది, భార్య మగ్గం పని చేసి, గాజులకు రాళ్లు అతికి కూడబెట్టింది, నగలమ్మింది అన్నీ కలిపి ఇల్లు కొంటారు. దస్తావేజు మామగారి పేరు మీదో, బావగారి పేరు మీదో ఉంటుంది. స్త్రీ శ్రమకు రశీదు ఉండదు. డబ్బు నాదని కోర్టులో రుజువు చేసుకోవడం చాలా కష్టం. కాబట్టి హక్కు అడగాల్సింది గొడవ వచ్చాక కాదు, కొంటున్నప్పుడే. దస్తావేజులో మీ పేరు కూడా రాయించండి. వాటా ఎంతో రాయించండి. మీరు ఇచ్చే డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచి వెళ్లేలా చూడండి.

కొనేముందు లింకు దస్తావేజులు, ఈ.సి. చూడండి. ఆ స్థలం రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలోగానీ వక్ఫ్ ఆస్తుల్లోగానీ ఉందేమో కనుక్కోండి. ఇంగ్లండులో అయితే ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదైన యాజమాన్యానికి ప్రభుత్వమే హామీ ఉంటుంది. మన దగ్గర రిజిస్ట్రేషన్ అంటే దస్తావేజు నమోదు మాత్రమే. అమ్మినవాడికి అసలు హక్కుందో లేదో చూసుకునే బాధ్యత కొనేవాళ్లదే.

మూడో ప్రశ్న: 'మెహర్ కింద ఇల్లు ఇస్తానన్నాడు. నోటి మాట చెల్లుతుందా?'

ఇక్కడ చాలామంది పొరపడతారు. ముస్లిం చట్టంలో హిబా, అంటే బహుమతి, నోటి మాటతో చెల్లుతుంది. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం చేయడం మూడూ జరగాలి. రాసుకున్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మెహర్ బాకీకి బదులుగా ఇల్లు ఇస్తే కోర్టులు దాన్ని అమ్మకంగా చూస్తాయి. దానికి రిజిస్ట్రేషన్ కావాలి. హిబా అయినా సాక్షులు చనిపోయాక నిరూపించడం కష్టం. చట్టం అడగకపోయినా మీరు రిజిస్టర్ చేయించుకోవడమే మేలు.

మెహర్ అంటే భర్త మీద ఉన్న అప్పు. అతను చనిపోతే వారసులు పంచుకోవడానికి ముందే అది తీర్చాలి.

నాలుగో ప్రశ్న: 'నా వాటా ఎంత?'

భర్త చనిపోతే, పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు. కూతురికి కొడుకు వాటాలో సగం. ఈ అసమానతను ప్రశ్నించాల్సిందే. కానీ ఆ సగమైనా చేతికి వస్తోందా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. అన్నదమ్ములు హక్కు విడుదల దస్తావేజు తెచ్చి సంతకం పెట్టమంటారు. పుట్టింటి తలుపు మూసుకుపోతుందన్న భయంతో అక్కచెల్లెళ్లు పెట్టేస్తారు.

హిందూ కుటుంబాల్లోనూ జరిగేది ఇదే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, కానీ అప్పటికే పెళ్లయినవాళ్లను వదిలేసింది. 2005 సవరణ ఆ తేడా తీసేసింది. ఆ సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురికి హక్కు ఉంటుందని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మతం ఏదైనా, విడుదల కాగితం మాత్రం అందరి ముందుకూ ఒకేలా వస్తోంది. చదివించుకోకుండా, ప్రతి లేకుండా దాని మీద సంతకం పెట్టకండి.

అయిదో ప్రశ్న: 'బయటికి గెంటేశారు. లోపలికి వెళ్లే దారుందా?'

ఉంది. గృహహింస చట్టం 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, ఉమ్మడిగా నివసించిన ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఆ చట్టం ఇస్తుంది. ఇల్లు అత్తమామలదైతే ఆ హక్కు లేదని 2006లో సుప్రీంకోర్టు అన్నది. 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో అదే కోర్టు ఆ తీర్పు తప్పని చెప్పింది. కానీ ఇది నివాస హక్కే, యాజమాన్యం కాదు.

మన దేశంలో, గోవా మినహా, పెళ్లయ్యాక సంపాదించిన ఇంట్లో భార్యకు దానంతటదే వాటా రాదు. ఇంగ్లండులో ఇల్లు భర్త ఒక్కడి పేరు మీదే ఉన్నా, భార్య తన నివాస హక్కును ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేయించుకోవచ్చు. విడాకులప్పుడు ఆ ఇంటిని ఆమె పేరుకు మార్చే అధికారం 1973 చట్టం అక్కడి కోర్టుకు ఇచ్చింది. ఇంటి పనినీ పిల్లల పెంపకాన్నీ ఆ పంపకంలో లెక్కలోకి తీసుకుంటారు. ఇక్కడ ముప్పై ఏళ్ల ఇంటి చాకిరీకి ఒక గజం స్థలం విలువ కూడా లేదు.

చివరిగా, ఈ రోజుల్లో అందరినీ ఆందోళన పెడుతున్న మెట్రో. ఎం.జి.బి.ఎస్. నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మార్గం కోసం 2025 జనవరిలో పరిహారం చెక్కులు ఇవ్వడం మొదలైంది. భూమికి గజానికి 81,000 రూపాయలు నిర్ణయించారు. ఆ రేటున 30 గజాలు పోతే 24,30,000 రూపాయలు. భర్త పోయి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే అందులో భార్యకు 3,03,750, కూతురికి 4,25,250 రావాలి. పైగా మెహర్ బాకీ ఉంటే ముందు అది తీరాలి. కానీ చెక్కు కాగితం మీద పేరున్నవాడి చేతికి వెళుతుంది. అందులో తన వాటా ఉందని ఆ స్త్రీ చెప్పకపోతే ఎవరూ ఆమెను అడగరు.

2013 భూసేకరణ చట్టం ప్రకారం, వాటా ఉందనేవాళ్లు ఎవరైనా సేకరణ అధికారికి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. భర్త పోయిన స్త్రీలను, విడాకులు పొందిన స్త్రీలను, కుటుంబం వదిలేసిన స్త్రీలను వేరే కుటుంబాలుగా లెక్కించాలని ఆ చట్టమే చెబుతోంది. ఇది ఇంటింటికీ తెలియాల్సిన విషయం.

ఇంటికి వెళ్లాక మూడు పనులు చేయండి. ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో, ఎవరి పేరు మీద ఉన్నాయో చూసి జిరాక్సు తీసుకోండి. నికానామాలో మెహర్ ఎంత రాశారో, ఎంత ఇచ్చారో చూసుకోండి. అవసరమైతే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ అక్కడ ఉచితంగా వకీలును ఇవ్వాలి.

ఒక్కతే కాగితం అడిగితే 'మొగుణ్ని నమ్మడం లేదా' అంటారు. గల్లీలో పదిమంది అడిగితే అది మామూలు విషయమవుతుంది. ఈ సమావేశం నుంచి ఆ పదిమందీ బయలుదేరాలని కోరుతున్నాను.