సీసం కంటికి కనపడదు

నేను చదివింది ఎనిమిదో తరగతే. అయినా తాగేనీళ్లలో సీసం గురించి తెలిసిన నాలుగు ముక్కలు చెప్తాను.

నీళ్లలో కలిసిన సీసానికి రంగు, రుచి, వాసన ఉండవు. పాత ఇత్తడి కొళాయిలు, టంకం అతుకులు, సీసం కలిపి చేసిన పీవీసీ పైపుల నుంచి దిగుతుంది. మన దేశంలో పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంటే లక్ష లీటర్లకు ఒక్క గ్రాము! అది మెల్లగా చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తుంది.

కొందరు టీడీఎస్ మీటరు ముంచి బాగున్నాయంటారు. నూలు మూట తూకం వేస్తే బరువు తెలుస్తుంది గానీ, లోపల ఏ నంబరు నూలుందో తెలుస్తుందా? ఇదీ అంతే. ల్యాబులో సీసం పరీక్ష అని అడిగి మరీ చేయించాలి. రాత్రంతా పైపులో నిలిచి, పొద్దున్నే మొదట వచ్చే నీళ్లు పట్టివ్వాలి.

కాచితే సీసం పోదు. నీళ్లు ఆవిరైపోయి సీసం మిగులుతుంది. ఆర్వో మిషను చాలావరకు తీసేస్తుంది. అది లేనివాళ్లు పొద్దుటి నిలవ నీళ్లు బకెట్లోకి వదిలి ఇల్లు తుడవడానికి వాడుకోండి, ఆ తర్వాతవి తాగడానికి పట్టుకోండి.

పాత పైపులు, పసిపిల్లలు ఉన్న ఇళ్ల నీళ్లు ముందు పరీక్షకు పంపుదాం. ఖర్చు సంఘంలో అందరం పంచుకుందాం. చీర పాడైతే ఇంకోటి నేస్తాం, పిల్లల బుర్ర పాడైతే మళ్లీ నేయలేం.