చలికాలంలో తేనెటీగలు పోతే

అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో పెరట్లో తేనెటీగలు పెంచుకుంటున్న మన తెలుగువాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

మార్చిలో కాస్త ఎండ కాసిన రోజున పెట్టె మూత తీస్తారు. చప్పుడుండదు. గుప్పెడు ఈగలు చచ్చి పడి ఉంటాయి, పక్కనే తేనె నిండుగా ఉంటుంది. పాపం, చలికి పోయాయి అనుకుంటాం. చలి మీద అంత తొందరగా నింద వేయకండి. ఆరోగ్యంగా ఉన్న ఈగలు ముద్దగా చేరి, ఒళ్లు వణికిస్తూ వేడి పుట్టించుకుంటాయి. బయట గడ్డకట్టే చలి ఉన్నా ఆ ముద్ద నడిమధ్య వెచ్చగానే ఉంటుంది. గుంపు మరీ చిన్నదైతేనే ఆ వేడి నిలవదు.

గుంపు ఎందుకు చిన్నదవుతుంది? చాలాసార్లు కారణం వరోవా నల్లి. వేసవి ఈగ ఆరు వారాలు బతికితే గొప్ప. చలికాలం ముందు పుట్టే ఈగలు మాత్రం నాలుగైదు నెలలు బతకాలి. అందుకే అవి ఒంట్లో కొవ్వు దాచుకుంటాయి. నల్లి పీల్చేది ఆ కొవ్వునే, పైగా వైరస్‌లు అంటిస్తుంది. అంటే జనవరి చావుకి బీజం పడింది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే.

ఈ నల్లి మొదట ఆసియాదే. మన అరకు వైపు పెట్టెల్లో పెంచే దేశవాళీ ఈగ దీన్ని ఒంటి మీంచి దులిపేసుకోగలదు. అమెరికాలో పెంచే ఐరోపా ఈగకు ఆ నేర్పు తక్కువ. 1987లో ఈ నల్లి అమెరికాలో బయటపడింది. కాబట్టి ఊళ్లో పెద్దవాళ్లు పెంచిన పద్ధతి ఒక్కటే ఇక్కడ సరిపోదు.

చచ్చిన పెట్టెను కడిగేసే ముందు శ్రద్ధగా చూడండి. పిల్లల గదుల పైగోడలకు తెల్లటి రవ్వలు అంటి ఉంటే అది నల్లి మలం. ఈగలు ఖాళీ గదుల్లో తల దూర్చి చచ్చి ఉంటే ఆకలి చావు. కుంగిన మూతల కింది పదార్థం అగ్గిపుల్లకు అంటుకుని తీగలా సాగిందా, అది అంటురోగం; ఆ చట్రాలు ఇంకే పెట్టెలోనూ పెట్టకండి, రాష్ట్ర తేనెటీగల ఇన్‌స్పెక్టర్‌కి చెప్పండి. ఈలోగా పెట్టె ద్వారం మూసేయండి, లేకపోతే పక్కవాళ్ల ఈగలు తేనె కోసం వచ్చి రోగం మోసుకుపోతాయి.

ఇక ఆగస్టు పని. పిల్లలున్న చట్రం మీద రాణి లేదని చూసుకుని, దాని మీంచి అరకప్పు ఈగలు తీయండి, సుమారు 300 వస్తాయి. ఆల్కహాల్‌లో వేసి కుదిపి, రాలిన నల్లుల్ని లెక్కపెట్టండి. తొమ్మిది దాటితే మందు వేయాల్సిందే. మూడు వందల ఈగల్ని చంపడానికి మనసొప్పదు, నిజమే. కానీ ఆ లెక్క తెలియకపోతే వేల ఈగలు పోతాయి. మందు వేశాక మళ్లీ లెక్కపెట్టండి, ఎందుకంటే కొన్ని మందులకు నల్లి అలవాటు పడిపోయింది. తేనె తీసే అరలు పైన ఉండగా కొన్ని మందులు వాడకూడదు, డబ్బా మీద రాసింది పూర్తిగా చదవండి.

ఈ ఏడాది పెట్టె పోయినవాళ్లు కొత్త ఈగల్ని కొనేముందే ఈ లెక్కకు కావలసిన సామాను తెచ్చిపెట్టుకోండి.