చివరి ఆయకట్టు దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నీటిపారుదల శాఖలో నా అనుభవాలు చెబుతానని మీరు అనుకుని ఉంటారు. కాలువల సంగతి ఒక్క ముక్కే చెబుతాను. పైన గేట్లు ఎత్తినంత మాత్రాన చివరి ఆయకట్టుకు నీరు అందినట్టు కాదు. దారిలో ఎక్కడ గండి పడినా, ఎక్కడ గుర్రపుడెక్క అడ్డుపడినా చివరి చేను ఎండుతుంది. క్యాన్సర్ వచ్చిన పిల్లల వైద్యం కూడా అచ్చం అంతే. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

2009లో మా అబ్బాయికి ఆరేళ్లు. తగ్గి తిరగబెట్టే జ్వరం, కాళ్ల నొప్పులు, ఒంటి మీద కమిలిన మచ్చలు. హైదరాబాదు తీసుకెళ్తే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అన్నారు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. "నయమయ్యే అవకాశం బాగానే ఉంది. కానీ రెండున్నర, మూడేళ్లు మధ్యలో ఆపకుండా రావాలి" అన్నారు డాక్టరు గారు. మొదటి మాట నాకు వినిపించింది. రెండో మాట బరువెంతో తర్వాత తెలిసింది.

వాడికి ఎక్కించిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం కృషిలోంచి వచ్చిన మందు అది. అదే కోవలోని అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలమైనా వెనక్కి నెట్టవచ్చని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో చూపించారు. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన మనిషి ఆయన. మాస్టార్లూ, వెనక బెంచీ వాళ్లని కాస్త దయగా చూడండి!

మందు మన జిల్లా మనిషి పుణ్యమే. అది పిల్లవాడి ఒంట్లోకి చేరే దారి మాత్రం మన చేతుల్లో ఉంది.

మా పక్క మంచం మీద మా వాడి వయసు పిల్లవాడే ఉండేవాడు. తండ్రి రొయ్యల చెరువు దగ్గర కాపలా. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి వైద్యం ఖర్చు లేదు. కానీ వచ్చిన ప్రతిసారీ నాలుగైదు రోజుల కూలి పోయేది. గదికి అద్దె కట్టలేక తల్లి వరండాలో చాప వేసుకుని పడుకునేది. ఊళ్లో రెండేళ్ల చంటిది ముసలమ్మ దగ్గర. ఆరు నెలలకు పిల్లవాడు తేరుకున్నాడు, జుట్టు మొలిచింది, పరుగులు పెట్టాడు. బాగానే ఉన్నాడు కదా అనుకుని రావడం మానేశారు.

వాళ్ల ఫోను నంబరు నా దగ్గర ఉంది. చేద్దాం, రేపు చేద్దాం అనుకున్నాను. చేసేసరికి ఆరు వారాలు దాటింది. అప్పటికే జబ్బు తిరగబెట్టింది. ఆ పిల్లవాడు దక్కలేదు. ముందే ఫోను చేసి ఉంటే బతికేవాడా అంటే, చెప్పలేను. చేయలేదన్నది మాత్రం నిజం.

సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా బతుకుతున్నారు. పేద దేశాల్లో చాలా తక్కువ. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మందినైనా దక్కించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. ఈ తేడాకు ఆలస్యంగా గుర్తించడం, వైద్యం మధ్యలో ఆగిపోవడం పెద్ద కారణాలు. రెండో గండి పూడ్చడానికి డాక్టర్లే అక్కర్లేదు. మనం చాలు.

ఈ పద్నాలుగేళ్లలో మా బ్యాచ్ వాళ్లం కొందరం చేతనైనంత చేస్తున్నాం. నేర్చుకున్నది చెబుతాను.

మొదటిది దారి, బస. క్యాన్సర్ రోగికి వైద్యానికి వెళ్లిరావడానికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఉంది. ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలి. చాలామందికి తెలియదు. బసకు సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ వంటివి ఉన్నాయి. 2006లో ముంబైలో మొదలై, హైదరాబాదులోనూ ఉచితంగా చోటిస్తున్నాయి. కాగితాలు నింపిపెట్టే మనిషి పక్కన ఉంటే సగం భయం పోతుంది.

రెండోది రక్తం. కీమో తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అవి ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. కాబట్టి దాత అప్పటికప్పుడు కావాలి, గంటా గంటన్నర కూర్చోవాలి. హైదరాబాదులో మనవాళ్లు వందమందికి తక్కువ లేరు. బ్లడ్ గ్రూపులతో ఒక జాబితా చాలు.

మూడోది ఉపాధ్యాయులకు మనవి. క్యాన్సర్ అంటువ్యాధి కాదని తోటి పిల్లలకు చెప్పండి. గుండు చూసి నవ్వకుండా చూడండి. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ గానీ తట్టు గానీ వస్తే ఆ రోజే తల్లిదండ్రులకు కబురు చేయండి. మా వాడు మందులు వాడుతూనే బడికి వెళ్తున్న రోజుల్లో వాళ్ల క్లాసు టీచరమ్మ సాయంత్రం ఏడింటికి ఫోను చేసి, "పక్క బెంచీ బాబుకి ఆటలమ్మ పోసిందండీ" అన్నారు. ఆ రాత్రే నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మర్నాడే రక్షణ మందు ఇచ్చారు. మామూలు పిల్లలకు వారంలో తగ్గే ఆటలమ్మ ఇలాంటి పిల్లలకు ప్రాణం మీదికి తెస్తుంది. ఒక ఫోను నేను చేయలేదు, ఒక ఫోను ఆవిడ చేశారు. రెండింటి ఫలితమూ నాకు తెలుసు.

నాలుగోది, ఇంట్లో మిగిలిన పిల్లలు. మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు, అమ్మమ్మ దగ్గర వదిలాం. అది ఫస్టు మార్కులు తెచ్చుకుంటోంది కదా అని నిశ్చింతగా ఉన్నాం. పెళ్లికి ముందు రోజు చెప్పింది, "నాకు కూడా పెద్ద జ్వరం రావాలని దణ్ణం పెట్టుకునేదాన్ని నాన్నా" అని. జవాబు చెప్పలేకపోయాను. మీ పక్కింట్లో అలాంటి పిల్ల ఉంటే ఒక ఆదివారం సినిమాకి తీసుకెళ్లండి. అదీ సాయమే.

ఇక నా విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో మిగిలే సొమ్ముతో ఆర్చి కట్టాలన్న ఆలోచన ఉంది. కాదనను, ఇంజనీరునే, డిజైను నేనే గీసిస్తాను. కానీ అందులో సగం పక్కన పెట్టి, ఈ మండలంలో వైద్యానికి వెళ్లే పిల్లల కుటుంబాలకు దారి ఖర్చుకూ, పోయిన కూలికీ ఇద్దాం. కుటుంబానికొక మనిషి బాధ్యత తీసుకుని, రావలసిన తేదీకి ముందు రోజు ఫోను చేసి "బయలుదేరుతున్నారా?" అని అడగాలి. మూడేళ్లపాటు, విసుక్కోకుండా.

మా అబ్బాయి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. లుకేమియా వచ్చి తగ్గినవాళ్లు రక్తం ఇవ్వకూడదు. "ఇవ్వలేను కాబట్టి ఫోన్లు నాకు వదిలేయండి నాన్నా" అన్నాడు. ప్రస్తుతం ఐదు కుటుంబాలకు వాడే ఫోను చేస్తున్నాడు. ఆరో కుటుంబం మొన్న పేరు ఇచ్చింది. సభ అయ్యాక నేను ఆ వేపచెట్టు కింద ఉంటాను. ఎవరు తీసుకుంటారో వచ్చి చెప్పండి.